ఆసు ఎందుకు పోస్తరు?

దసరా ముందు ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చున్నీ కొన్నాను. నల్ల నేల మీద ఎర్రటి గళ్లు, గళ్ల మధ్యలో తెల్లటి చిన్న బొమ్మలు, ఆ బొమ్మల అంచులన్నీ ఇంకా ఆరని సిరాలాగా కొంచెం చెదిరి ఉన్నాయి. షాపతను "పోచంపల్లి మేడమ్" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. నాగోల్ వచ్చి అమ్మకి చూపించాను. అమ్మ ముందు ధర అడిగింది. ఆరు వందలన్నాను. తిరగేసింది. వెనక కూడా ముందులాగే ఉంది. బొటనవేలితో ఒకసారి రుద్ది, కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురుకు పెట్టి చూసింది.

"గిది కట్టింది గాదు బిడ్డా. అచ్చేసింది."

"ఎవరు గుర్తుపడతారమ్మా?" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ కొయ్యలగూడెంలో పదేళ్ల వయసు నుంచి పెళ్లయ్యేదాకా చిట్కి కట్టింది. ఎల్బీనగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని పోతే చౌటుప్పల్‌కి కొంచెం ముందు వస్తుంది ఆ ఊరు. నేను తినే అన్నానికీ చదివిన చదువుకీ మొదటి పెట్టుబడి ఆ వేళ్లే. ఆ వేళ్ల ముందు కూర్చుని ఎవరు గుర్తుపడతారు అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. చున్నీ మడతపెట్టి ఇచ్చి, బియ్యం కడగడానికి లేచిపోయింది.

సాయంత్రం ఇద్దరి మధ్యా ఆ నిశ్శబ్దం భరించలేక టీవీలో 'మల్లేశం' పెట్టాను. అదొక రకం క్షమాపణ అనుకున్నాను. నీ కష్టం మీద మా వాళ్లు సినిమా తీశారు చూడు అన్నట్టు. 2019లో వచ్చినప్పుడు థియేటర్‌లో చూసి నేను ఏడ్చిన సినిమా అది. అమ్మ చూడటం అదే మొదటిసారి. అమ్మ ఏడవలేదు. అయిపోయాక ఒకటే అంది: "మంచిగనే ఉంది. ఆసు పోసుడు జూపిచ్చిండ్రు, చెయ్యి నొచ్చుడు జూపిచ్చిండ్రు. గని ఆసు ఎందుకు పోస్తరో మనసుకు వట్టేటట్టు చెప్పలే."

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించే.

*

'మల్లేశం' మంచి సినిమా. అది ముందే చెప్పేస్తాను. రాజ్ రాచకొండ ఒక నిజ జీవితాన్ని తీసుకుని ఎక్కడా అరవకుండా తీశాడు. పెద్దింటి అశోక్ కుమార్ రాసిన మాటల్లో తెలంగాణ యాస నవ్వించడానికో వీరత్వానికో కాకుండా, మామూలుగా మనుషులు బతకడానికి వాడుకునే భాషలాగా ఉంది. తెలుగు తెర మీద అది చిన్న విషయం కాదు. తల్లిగా ఝాన్సీ భుజం పట్టుకుని కూర్చునే తీరు చూస్తే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ప్రియదర్శి, అనన్య నాగళ్ల ఇద్దరూ ఆలుమగలుగా కనబడ్డారు తప్ప హీరో హీరోయిన్లుగా కాదు.

కథ చాలామందికి తెలిసిందే. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోసి పోసి భుజాలు పడిపోతున్న తల్లిని చూసి, ఆరో తరగతితో ఆగిపోయిన చదువుతో, ఏళ్ల తరబడి తంటాలుపడి, 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మి. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక చీరకు దాదాపు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటల పని. యంత్రం అదే పనిని గంటన్నరలో చేస్తుంది. ఈ అంకెలు చాలు, సినిమాకు కావలసిన కన్నీళ్లన్నీ అందులోనే ఉన్నాయి.

కానీ అమ్మ ప్రశ్న అంకెల గురించి కాదు. తొమ్మిది వేలసార్లు ఎందుకు?

సాదా చీరకు ఆసు అక్కర్లేదు. ఒకే రంగు నూలును కండెకు చుట్టి నాడెలో పెట్టి నేసుకుంటూ పోవచ్చు. ఆసు అవసరమయ్యేది బొమ్మ కోసం. నేయకముందే దారం మీద బొమ్మ పడాలి. అలా పడాలంటే, పేక దారం మగ్గం మీద ఎంత వెడల్పున పరుచుకుంటుందో అంతే పొడవున ముందే ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉండాలి. అందుకే అర్ధచంద్రాకారంలో మేకులు, ఎదురుగా మధ్యలో ఒక మేకు. మధ్య మేకు నుంచి వంపు మీది మేకుకు ఒక పోగు, మళ్లీ వెనక్కి ఇంకో పోగు. ఒక్కో పోగు చీరలో ఒక్కో వరుస. చీర ఇంకా పుట్టలేదు, కానీ దాని వరుసలన్నీ అక్కడ విసనకర్రలా తెరుచుకుని ఉన్నాయి. ఆ తర్వాత గ్రాఫ్ కాగితం చూసి గుర్తులు పెడతారు. రంగు అంటకూడని చోటల్లా కడతారు. కట్టడానికి మా అమ్మ వాళ్లు వాడింది పాత సైకిల్ ట్యూబుల్ని సన్నగా కోసిన రబ్బరు ముక్కలు. ఒక రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, ఇంకో రంగు. లేత రంగు ముందు, ముదురు తర్వాత. అప్పుడు దాన్ని వరుస తప్పకుండా కండెలకు ఎక్కిస్తారు. ఒక్క పోగు వరుస తప్పితే నెమలికి మెడ ఉండాల్సిన చోట తోక వస్తుంది.

అంటే ఆసు గుడ్డిచాకిరీ కాదు. రాసేవాడికి కాగితం ఎట్లాగో వీళ్లకు ఆసు అట్లాగ. సినిమా కళ్లు ఆ తల్లి భుజం మీదే ఉండిపోయాయి. ఆ చెయ్యి ఏ చిత్తరువు కోసం ఆడుతోందో దాని మీద నిలబడలేదు. యంత్రం రాగానే కథ అయిపోయింది. బొమ్మ గీసినవాళ్లెవరు, కట్టినవాళ్లెవరు, ఆ చీర ఏమైంది, ఎవరు కట్టుకున్నారు, బాగుందా లేదా అన్న ప్రశ్నలకు అక్కడ చోటు లేదు. ఒక రచయిత మీద సినిమా తీసి, అతని వెన్నునొప్పిని అద్భుతంగా చూపించి, ఏం రాశాడో చెప్పకపోతే ఎట్లా ఉంటుంది? మనం ఒప్పుకుంటామా? చేనేత విషయంలో మాత్రం ఒప్పుకుంటున్నాం. నేనైతే థియేటర్‌లో కన్నీళ్లతో ఒప్పుకున్నాను.

ప్రియదర్శన్ తీసిన తమిళ సినిమా 'కాంచీవరం' ఈ విషయంలో వేరు. అక్కడ కథంతా ఒక గుడ్డ చుట్టూ తిరుగుతుంది. కూతురి పెళ్లికి పట్టుచీర నేయాలని తండ్రి ఒక్కో పోగు దొంగిలించి తెచ్చుకుంటాడు. ఆ గుడ్డ ఎంతవరకు వచ్చిందన్నదే ఉత్కంఠ. చివర్లో ఆ అసంపూర్తి పట్టు ఏ పనికి వస్తుందో చూశాక మర్చిపోవడం కష్టం. దాంట్లో కష్టాన్నీ గుడ్డనీ విడదీయలేం.

*

ఇది ఒక్క సినిమా మీద ఫిర్యాదు కాదు. మన సాహిత్యానికీ ఈ జబ్బు ఉంది. ఏటా ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం నాడు, నా ఫోన్‌కు వచ్చే కవితలు చూడండి. పడుగూపేకా బతుకూచావూ అవుతాయి, మగ్గం గుంట సమాధి అవుతుంది, దారం ఉరితాడు అవుతుంది. వీటిలో అబద్ధం లేదు. సిరిసిల్లలో ఎంతమంది చనిపోయారో మనందరికీ తెలుసు. అవన్నీ రాయాల్సినవే. కానీ నేతగాడు మన కవిత్వంలోకి ఎప్పుడు వచ్చినా ఒట్టి ఆకలిగానే వస్తున్నాడు. అతనికీ ఆమెకీ రుచి ఉంటుందనీ, పక్కింటివాళ్ల పనిని చూసి పెదవి విరుస్తారనీ, ఒక రంగు పక్కన ఇంకో రంగు పెట్టడానికి రాత్రంతా ఆలోచిస్తారనీ ఎక్కడా ఉండదు. జాలి ఎక్కువైన చోట విమర్శ ఉండదు. విమర్శించదగ్గ స్థాయి ఉందని ఒప్పుకోవడం కూడా ఒక గౌరవమే కదా.

సర్కారు లెక్కలూ అంతే. 2019-20 నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో దాదాపు 26.7 లక్షల మంది నేతపనివాళ్లు, 8.5 లక్షల మంది 'అనుబంధ పనివాళ్లు'. నేసేవాళ్లు నేతపనివాళ్లు. నూలు చుట్టేవాళ్లు, ఆసు పోసేవాళ్లు, రంగులద్దేవాళ్లు, చిట్కి కట్టేవాళ్లు అనుబంధం. మామూలు గుడ్డ విషయంలో ఈ విభజన ఎంతోకొంత సబబే కావచ్చు. ఇక్కత్ విషయంలో మాత్రం తలకిందులు. ఇక్కడ మగ్గం ఎక్కేసరికే బొమ్మ పూర్తయి ఉంటుంది. మగ్గం మీద జరిగేది దాన్ని చెదరకుండా దించడం. అది గొప్ప నైపుణ్యమే, కాదనను. కానీ బొమ్మ కట్టిన మనిషి అనుబంధం ఎట్లా అవుతుంది? ఇది అమ్మకు చదివి వినిపిస్తే నవ్వింది. "అనుబంధమంటే సుట్టరికమా?" అంది.

ఇక్కత్ అనే మాట కూడా మా ఇంట్లో ఎవరూ వాడలేదు. అది మలయ్ భాష నుంచి వచ్చింది, కట్టడం అని అర్థం. మా వాళ్లకు అది చిట్కి, లేదంటే టై అండ్ డై. నాకు ఇక్కత్ అనే మాట పరిచయమైంది డిగ్రీలో, ఒక ఇంగ్లీషు పత్రికలో.

*

ఇప్పుడు చెదిరిన అంచు సంగతి. ఇంగ్లీషులో ఇక్కత్ మీద రాసే ప్రతివాళ్లూ ఇక్కడ ఆగి మైమరచిపోతారు. కలలాంటి అంచు, నీటిలో నీడ, మానవ హస్తపు సంతకం, ఇట్లా. నేనూ ఒకప్పుడు అట్లాంటివి రాశాను, ఒప్పుకుంటున్నాను. అంచు చెదరడానికి కారణాలు రెండు. కట్టు కింద నుంచి రంగు కొంచెం పాకుతుంది. నేసేటప్పుడు పోగులు వెంట్రుకవాసి జరుగుతాయి. రెండూ కలిసి గీత మెత్తబడుతుంది. మొత్తంగా దీన్ని తప్పించుకోలేం.

అమ్మ లెక్కలో అది అందం కాదు, అదుపులో పెట్టాల్సిన తప్పు. "కట్టు వదులైతే పాకుతది. మా అమ్మ అయితే విప్పి మల్ల కట్టమనేది." పేక నేసేటప్పుడు ప్రతి పోగునూ వేలితో సవరించి బొమ్మ మీద బొమ్మ కూర్చోబెట్టేది ఆ చెదురు తగ్గించడానికే. పడుగూ పేకా రెండూ కట్టి నేసే డబుల్ ఇక్కత్‌లో ఇంకా కష్టం. నిలువు దారం మీది ఎర్ర చుక్కా అడ్డ దారం మీది ఎర్ర చుక్కా ఒకేచోట కలవాలి. లేదంటే రంగు పలచనైపోతుంది. గుజరాత్‌లోని పాటన్ పటోలా, బాలిలోని తెంగనాన్ ఊరి గెరింగ్‌సింగ్, మన పుట్టపాక, ప్రపంచంలో ఇట్లాంటి చోట్లు చాలా కొద్ది. పుట్టపాక నుంచి గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయంటే ఆ కలవడం ఎంత కచ్చితంగా జరిగితే వచ్చి ఉంటాయో ఊహించండి. వాళ్ల పనిని మసకగా ఉందని పొగడటం ఒక గాయకుడిని గొంతు జీరగా ఉందని పొగడటం లాంటిది. ఒక్కోసారి నిజంగానే బాగుంటుంది, కానీ ఆయన సాధన చేసింది దానికోసం కాదు.

అయినా అమ్మతో నేను పూర్తిగా ఏకీభవించలేను. పూర్తిగా పదునైన గీత కావాలంటే అచ్చుగుడ్డే కొనుక్కోవచ్చు కదా. ఎంత బిగించినా కొంచెం మిగిలిపోయే ఆ చెదురు దగ్గరే నా కన్ను ఆగుతుంది. తేడా ఏమిటంటే, తగ్గించాలని పోరాడాక మిగిలిన చెదురు వేరు, కావాలని పెట్టిన చెదురు వేరు. నేను కొన్న చున్నీలో ఉన్నది రెండోది. ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని గీత గీసి, దాని అంచుల్ని చెరిపి, ఆ చెరుపును అచ్చు వేయించారు. చెదిరితేనే అసలుదని కొనేవాళ్లకు నేర్పింది మాలాంటివాళ్ల రాతలే. నకిలీ వాళ్లు మా వ్యాసాలు శ్రద్ధగా చదివినట్టున్నారు.

*

చున్నీ మీది డిజైన్ ఎక్కడిదో తర్వాత తెలిసింది. తేలియా రుమాలు. దాని చరిత్ర తెలిస్తే కోపం కొంచెం ఎక్కువవుతుంది.

తేలియా అంటే నూనెది. చీరాల ప్రాంతంలో పుట్టింది. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద, నూనె, నీళ్లు కలిపి నూలును అందులో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టేవారు. దాంతో నూలు ఎర్రరంగును గట్టిగా పట్టుకుంటుంది, మెత్తబడుతుంది. గుడ్డకు ఒక వాసన కూడా ఉంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. చదరపు గుడ్డ, వెడల్పాటి అంచు, మధ్యలో గళ్లు. చేపలు పట్టేవాళ్లు, కూలివాళ్లు లుంగీగా, తలపాగాగా కట్టుకున్నారు. ఓడలెక్కి పర్షియన్ గల్ఫ్ తీరానికి పోయింది. ఆసియా రుమాలు అన్నది దాని ఇంకో పేరు. 1915 ప్రాంతంలో ఆ కట్టుడు పని చీరాల నుంచి పోచంపల్లి వైపు వచ్చిందంటారు. 1950లలో కమలాదేవి ఛటోపాధ్యాయ లాంటివాళ్ల ప్రోత్సాహంతో రుమాలు డిజైన్లు చీరల మీదికి ఎక్కాయి, తర్వాత నూలు నుంచి పట్టుకూ వచ్చాయి. అదే దశాబ్దం మొదట్లో, 1951 ఏప్రిల్ 18న, వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని చెప్పడంతో ఆ ఊరు భూదాన్ పోచంపల్లి అయ్యింది. చీర వల్ల ఒక పేరు, నేల వల్ల ఒక పేరు.

ఆ రుమాళ్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన బొమ్మల రుమాళ్లు. సింహాలు, ఏనుగులతో పాటు గడియారాలు, విమానాలు! తలెత్తి చూసిన కొత్త లోకాన్ని దారాల లెక్కలోకి దించుకున్నారు. గుండ్రటి గడియారాన్ని ఇక్కత్‌లో చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. మెట్లుమెట్లుగా తప్ప వంపు రాదు. అయినా చేశారు. ఇది సంప్రదాయం అనే మాటకు మనం అలవాటుగా ఇచ్చే అర్థంలో ఇమడదు. ఆకాశంలో విమానం కనబడ్డ కొన్నాళ్లకే దాన్ని రుమాలు మీదికి ఎక్కించిన మనిషిని ఆధునికుడు అనకుండా ఇంకేమంటాం? ఆ కాలపు తెలుగు కవిత్వంలో విమానం ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టడం మన పరిశోధకులకు తెలుసు. రుమాళ్లలో లెక్కపెట్టాలని ఎవరికీ తోచదు. ఆ గుడ్డల మీద సంతకాలు లేవు, అదొక సాకు.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ అది పేరును కాపాడే చట్టం, చూపును కాపాడేది కాదు. నా చున్నీ బిల్లు తర్వాత తీరిగ్గా చూస్తే 'పోచంపల్లి ప్రింట్' అని ఉంది. నోటితో ఒకటి, కాగితం మీద ఒకటి. చదువుకున్నదాన్ని, విమర్శలు రాసేదాన్ని, బిల్లు కూడా చదవలేదు నేను.

కొనడం గురించి ఒక మాట. అసలైన డబుల్ ఇక్కత్ కొనే తాహతు నా ఈడు వాళ్లలో చాలామందికి లేదు, నాకూ లేదు. ఆరు వందల ప్రింటు కట్టుకున్నవాళ్ల మీద నాకు చిన్నచూపు లేదు. బస్తీల్లో, హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు అందంగా ఉందని కొనుక్కుంటే వాళ్లనేం అంటాం? కొయ్యలగూడెం నూలు చున్నీలు, దుప్పట్లు అంత భారమేమీ కాదన్నది కూడా నిజమే. మా నాగోల్ మెట్రో పక్కన ఉప్పల్ శిల్పారామంలో చేనేత స్టాళ్లు పెడతారు. వెళ్లి పట్టుకుని చూస్తే కొనాలనేం లేదు. నేను అన్నేళ్లుగా దాని ముందు నుంచే నడుస్తూ, మెట్రో దొరకదేమోనని పరుగెత్తుతూ పోయాను.

*

మొన్న ఆదివారం అమ్మను అడిగాను, అచ్చుదని ఎట్లా తెలిసిందని. వెనకవైపు కూడా రంగు ఉందిగా మరి.

అమ్మ బీరువాలోంచి ఒక పాత చీర తీసింది. పెళ్లికి ముందు తనే కట్టిందట. చెంగు దగ్గర చిరిగితే కత్తిరించిన ముక్క ఒకటి దాంట్లోనే మడతపెట్టి ఉంది. ఆ ముక్క కొసలోంచి ఒక పోగు లాగింది. నా చున్నీ కొసలోంచి ఇంకొకటి లాగింది. రెండిటినీ నా ల్యాప్‌టాప్ పక్కనున్న తెల్లకాగితం మీద పెట్టి కళ్లద్దాలు పెట్టుకుంది.

పాత పోగులో ఒక జానెడు ఎరుపు, తర్వాత కొంచెం తెలుపు, మళ్లీ ఎరుపు, ఆ తర్వాత నలుపు. రంగు పోగు చుట్టూరా ఉంది. రంగు మారే చోట మాత్రం గోరంత మేర రెండూ కలిసిపోయాయి. చున్నీ పోగులో నలుపు మధ్య మధ్యలో సన్నటి తెల్ల మచ్చలు, వరుసగా, ఎక్కడెక్కడ అడ్డ పోగు దాని మీద నుంచి పోయిందో అక్కడల్లా. రంగు పడేనాటికే నేత అయిపోయిందని అవి చెబుతున్నాయి.

"జూస్తే తెలుస్తది గదా," అంది. "నువ్వు ఎవరు గుర్తువడ్తరు అన్నవ్."

అప్పటిదాకా మర్చిపోయిందనుకున్నాను.

"తప్పయింది అమ్మా."

"గా చున్నీ పారెయ్యకు. ఇస్త్రీ చేసేటప్పుడు కిందేసుకో." పాత ముక్కను మడతపెట్టి, లాగిన పోగును కూడా అందులోనే పెట్టి, చీరను మళ్లీ బీరువాలో సర్దింది. పోతూ పోతూ ఆగి, ఆ గడియారం రుమాలు బొమ్మ ఫోన్‌లో ఉందా, ఒకసారి పెద్దగా చేసి చూపించమంది. ముళ్ల దగ్గర ఎట్లా కట్టారో చూస్తానంది.